కారణం దొరికేదాకా

ఐనవిల్లిలో మాది చిన్న నెట్ సెంటర్. సిద్ధి వినాయకుడి గుడికి వచ్చిపోయే దారిలో, మా ఇంటి వీధి గదిలోనే పెట్టుకున్నాం. ఒక కంప్యూటర్, లేజర్ ప్రింటర్, స్కానర్, వేలిముద్రల మిషన్, బల్ల కింద ఒక యూపీఎస్. మా ఆయన కువైట్‌లో డ్రైవరుగా చేస్తూ పంపిన డబ్బుతో కొన్న సామాను అది. నేను అమలాపురంలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను కాబట్టి సెంటర్ నేనే నడుపుతున్నాను. పాస్‌పోర్టు దరఖాస్తులు, హాల్‌టికెట్లు, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, పాన్ కార్డులు, స్కాలర్‌షిప్పులు, నవంబరు వచ్చిందంటే పింఛనుదార్ల జీవన్ ప్రమాణ్. ఇవే మా పనులు. పరీక్షల ముందు స్వామి దగ్గర కలాలు పెట్టి పూజ చేసి పిల్లలకు పంచడం మా ఊరి గుడి ఆనవాయితీ. ఆ కలం జేబులో పెట్టుకుని పిల్లలు నేరుగా మా గుమ్మంలోకి వస్తారు. దేవుడి దగ్గర మొక్కుకున్న పని మా బల్ల మీద పూర్తవ్వాలి.

ఒక ఏడు వానలు మొదలైన కొత్తలో ఆ కంప్యూటర్ పని మధ్యలో దానంతటదే ఆగిపోయి మళ్లీ మొదలవడం ప్రారంభమైంది. తెర ఒక్కసారి నల్లబడేది. లోపలి ఫ్యాను ఆగబోయి మళ్లీ తిరిగేది. కంపెనీ బొమ్మ వచ్చేది, విండోస్ లోడయ్యేది. అప్పటిదాకా నింపిన వివరాలన్నీ పోయేవి. ఒక్కో రోజు పొద్దున్నా సాయంత్రం కూడా అయ్యేది. ఒక్కో వారం అసలు ఉండేది కాదు. తగ్గిందనుకుని కాస్త కుదుటపడేసరికి మళ్లీ వచ్చేది.

మా కోనసీమ వాళ్లకి ఆపదలు కొత్త కాదు. గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకెలు వినగానే లంకల్లో వాళ్లు గొడ్లను గట్టు మీదికి తోలుకొస్తారు, బియ్యం బస్తాలు అటకెక్కిస్తారు. ఎదురుబిడిం కాజ్‌వే మునిగేలోగా పనులు చక్కబెట్టుకుంటారు. 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాక ఇంటర్నెట్ చాలా రోజులు ఆపేశారు. సెంటర్ మూసుకుని కూర్చున్నాం. నష్టమే, కానీ ఎందుకు ఆగిందో ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ మిషన్‌కి మాత్రం మొదటి హెచ్చరికా లేదు, కారణమూ లేదు. నన్ను కుంగదీసింది ఆ రెండోదే.

కంప్యూటర్ రీస్టార్ట్ అవడం కూడా ఒక కష్టమేనా అని దూరం నుంచి చూసేవాళ్లకి అనిపించవచ్చు. ఆ కుర్చీకి ఇవతల కూర్చున్న వాళ్లెవరో చెప్తే అర్థమవుతుంది.

వెబ్ ఆప్షన్లకి చివరి రోజున ఒక అమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. ఆయన కొబ్బరి దింపు తీస్తాడు. ఆ రోజు పని మానుకుని లంక నుంచి కూతుర్ని తీసుకొచ్చాడు. ఏ కాలేజీ తర్వాత ఏ కాలేజీ పెట్టాలో ఆ పిల్ల తెల్లకాగితం మీద వరసగా రాసుకొచ్చింది. తను చదువుతుంటే నేను ఒక్కొక్కటీ ఎక్కిస్తున్నాను. సైటు మీద రద్దీ, పేజీ కదలడం లేదు. సేవ్ నొక్కబోతుండగా తెర నల్లబడింది.

“అక్కా, సేవ్ అయిందా?” అంది పిల్ల.

నేను సమాధానం చెప్పేలోపే వాళ్ల నాన్న గుమ్మంలోంచి లోపలికొచ్చి, “ఏంటమ్మా, సీటు పోయినట్టేనా?” అన్నాడు.

పోలేదండీ, మళ్లీ పెడదాం అన్నాను. గొంతు మాత్రం నా మాట వినలేదు. మిగతాది నా ఫోన్లో, ఆ చిన్న తెర మీద, సైటు మూసేలోగా పూర్తి చేశాం. ఆయన వెళ్తూ డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేకపోయాను. ఆ పిల్ల పన్నెండేళ్ల చదువు కొన్ని నిమిషాల పాటు నా బల్ల మీద ఆధారం లేకుండా ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

డబ్బు చెల్లించే పేజీలో ఆగిపోతే అది మరో రకం నరకం. ఖాతాలోంచి సొమ్ము పోయినట్టు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, రసీదు మాత్రం రాదు. అలా చిక్కుకున్న సొమ్ము కొన్నాళ్లకి వెనక్కి వస్తుందని నేను చెప్పగలను. నమ్మడం వాళ్ల చేతిలో ఉంటుంది. కొందరు నమ్మారు. కొందరు బయటికెళ్లి ఇంకోలా చెప్పుకున్నారు. ఊళ్లో ఒకసారి మాట పుట్టాక దాన్ని ఆపడం ఎవరి తరం కాదు. ముక్తేశ్వరం వెళ్లి చేయించుకుంటామండీ అని మొహం మీదే చెప్పి వెళ్లినవాళ్లూ ఉన్నారు. వాళ్లని తప్పు పట్టడానికి లేదు.

అన్నిటికంటే బాధపెట్టింది ఒక రిటైర్డ్ మాస్టారు. జీవన్ ప్రమాణ్ కోసం కర్ర పట్టుకుని నడిచొచ్చారు. వయసు మీదపడితే వేళ్ల గీతలు అరిగిపోయి మిషన్ ఒక పట్టాన పట్టదు. ఒక్కో వేలూ తుడిచి, మళ్లీ మళ్లీ పెట్టించి, చివరికి పట్టింది. పట్టగానే కంప్యూటర్ ఆగిపోయింది. ఆయన ఒక్క మాటా అనలేదు. “పర్లేదమ్మా, రేపొస్తాలే” అని లేచారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

రాత్రి మా ఆయన ఫోన్లో, “కొత్తది కొనేద్దాంలే, నువ్వలా నలిగిపోకు” అనేవారు. నేను ఒప్పుకోలేదు. కారణం తెలియకుండా కొత్తది తెచ్చి పెడితే, అదీ ఇలాగే చేస్తే అప్పుడేం చేస్తాం? ఎడారిలో ఎండనపడి సంపాదించిన డబ్బు అది. ముందు జబ్బేమిటో తెలియాలి, మందు తర్వాత.

వెతకడం విండోస్ నుంచే మొదలుపెట్టాను. విండోస్ లోపల ఏదైనా ఘోరమైన తప్పు జరిగితే నీలం తెర చూపించి, తనంతట తానే రీస్టార్ట్ అయ్యేలా ముందే అమర్చి ఉంటుంది. చాలాసార్లు ఆ నీలం తెర కంటికి ఆనేలోపే మాయమవుతుంది. అందుకని సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ కిందికి వెళ్లి, స్టార్టప్ అండ్ రికవరీలో ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ అన్నచోట టిక్కు తీసేశాను. తప్పు విండోస్‌దో డ్రైవర్లదో అయితే ఇక మీదట నీలం తెర నిలిచి ఉండాలి. నిలవలేదు. మళ్లీ అదే నల్లతెర, అదే కంపెనీ బొమ్మ.

తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. కంప్యూటర్ తనకి జరిగినవన్నీ అక్కడ రాసుకుంటుంది. ఎవరైనా కావాలని రీస్టార్ట్ చేసినా, అప్‌డేట్ కోసం అదే రీస్టార్ట్ అయినా 1074 నంబరుతో నమోదవుతుంది. మా దాంట్లో ఆ వేళలకి 1074 లేదు. ఉన్నవల్లా 41 కెర్నల్-పవర్, 6008. రెండిటి అర్థమూ ఒకటే. సవ్యంగా మూసుకోకుండానే సిస్టమ్ ఆగిపోయింది, ఎందుకో దానికి తెలియదు. 41 లోపల బగ్‌చెక్ కోడ్ అన్నచోట సున్నా ఉంది. నీలం తెర వచ్చి ఉంటే అక్కడ ఆ తప్పు తాలూకు అంకె ఉండేది. సున్నా ఉందంటే ఏం జరిగిందో రాసుకునేపాటి వ్యవధి కూడా దానికి దొరకలేదన్నమాట. అనుమానం సాఫ్ట్‌వేర్ మీంచి కరెంటు వైపు, వేడి వైపు, విడిభాగాల వైపు తిరిగింది.

అమలాపురం నుంచి రిపేరు కుర్రాడు వచ్చాడు. మంచివాడు, పని తెలిసినవాడు. “అక్కా, ఎందుకైనా మంచిది, ఒకసారి విండోస్ కొత్తగా వేసేద్దాం” అన్నాడు. వేశాడు. ఫలితం లేదు. డబ్బా పక్క రేకు విప్పితే దుమ్ము, కొబ్బరిపీచు నూగు ఫ్యాను రెక్కలకి పేరుకుని ఉంది. బ్లోయరుతో ఊది, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకేసి కొత్తది రాశాడు. వేడి మరీ మితిమీరితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. చాలా రకాలకి ఆ హద్దు 100 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. మాది బాగా పని చేయించినా 60 దాటలేదు. వేడి కాదని తేలింది.

తర్వాత ర్యామ్. పుల్లలు తీసి, బంగారు రంగు అంచుల్ని రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించాం. మెమ్‌టెస్ట్86 అని ఒక పరీక్ష ఉంది. విండోస్‌తో సంబంధం లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. ర్యామ్‌లో ప్రతి గడిలోనూ రాసి, చదివి, సరిపోల్చి చూస్తుంది. గంటలకొద్దీ పడుతుంది కాబట్టి రాత్రంతా వదిలేశాం. తెల్లవారి చూస్తే ఒక్క తప్పూ లేదు. యూపీఎస్‌లో 12 వోల్టుల బ్యాటరీ కూడా మార్చాడు. అయినా ఆగలేదు.

చివరికి, “షాపులో పెట్టి చూద్దాం అక్కా” అని డబ్బా తీసుకెళ్లాడు. అక్కడ రాత్రీ పగలూ నడిపారు, సినిమాలు పెట్టారు, గేములు ఆడించారు. ఒక్కసారీ ఆగలేదు. “మిషన్‌లో ఏం లేదక్కా, బంగారంలా ఉంది” అని తెచ్చిచ్చాడు. మా ఇంట్లో పెట్టిన మర్నాటి పొద్దున్నే ఆగింది.

రోగం డాక్టరు ముందు కనిపించకపోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మనం చెప్పేది ఎవరూ కాదనరు, అలాగని నమ్మరు కూడా. మా అత్తయ్య గదిలో వాస్తు చూపిద్దామంది. నిజానికి నాకూ ఏం చెప్పాలో తెలియలేదు. కంప్యూటర్‌లో లోపం ఉంటే అమలాపురంలో ఎందుకు ఆగలేదు? మా ఇంటి కరెంటులో లోపం ఉంటే వేరే కంప్యూటర్ కూడా ఆగాలి కదా? పరీక్షించడానికి తెలిసిన వాళ్ల కంప్యూటర్ తెచ్చి అదే యూపీఎస్‌కి తగిలించాను, అది చక్కగా నడిచింది. మా మిషన్ బయట బాగుంది. బయటి మిషన్ మా ఇంట్లో బాగుంది. మా మిషన్ మా ఇంట్లో ఉంటేనే ఆగుతోంది. ఈ మూడు మాటలూ ఒక కాగితం మీద రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఆ రోజుల్లోనే మార్స్ పాత్‌ఫైండర్ సంగతి చదివాను. అమెరికా వాళ్ల ఆ నౌక 1997 జులై 4న అంగారకుడి మీద దిగింది. దిగిన కొన్నాళ్లకి అందులోని కంప్యూటర్ ఉన్నట్టుండి రీసెట్ అవడం మొదలుపెట్టింది. కోట్ల కిలోమీటర్ల దూరం, విప్పి చూసే వీలే లేదు. జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజనీర్లు అలాంటిదే ఇంకొకటి భూమి మీద తమ ల్యాబులో పెట్టుకుని, లోపల జరిగే ప్రతి కదలికనూ నమోదు చేయిస్తూ, అదే తప్పు తమ కళ్లముందు జరిగేదాకా నడిపారు. జరిగింది. వాతావరణ వివరాలు సేకరించే చిన్న పని ఒకటి, ముఖ్యమైన పనికి కావలసిన వనరును పట్టుకుని ఉండిపోతోంది. మధ్యస్థాయి పనులు అడ్డం వచ్చి దాన్ని ముగించనివ్వడం లేదు. ముఖ్యమైన పని వేళకి పూర్తికాకపోయేసరికి కాపలా ప్రోగ్రాము మొత్తం సిస్టమ్‌ని రీసెట్ చేస్తోంది. కారణం తెలిశాక సవరణ చిన్నదే. ఇక్కడి నుంచే పంపించారు. విడిగా చూస్తే ఏ పనిలోనూ తప్పు లేదు, అవి ఒకే వేళకి కలిసినప్పుడే తప్పు పుట్టింది. నా కాగితం మీద ఉన్న మూడు మాటలకి అది చాలా దగ్గరగా అనిపించింది. నేను చేయవలసినవి రెండని తేల్చుకున్నాను: జరిగిన ప్రతిసారీ రాసుకోవాలి, కావాలన్నప్పుడు జరిగేలా చేయగలగాలి.

రూళ్ల పుస్తకం ఒకటి తీసి గళ్లు గీశాను. ఎన్ని గంటలకి ఆగింది, తెర మీద ఏ పని నడుస్తోంది, ఇంట్లో ఇంకేం నడుస్తున్నాయి, వాన ఉందా, దీపాలెలా ఉన్నాయి. ఆగిన వెంటనే రాసేదాన్ని, మళ్లీ రాద్దాంలే అని వదలలేదు. ఈవెంట్ వ్యూయర్‌లో పాత 41లు ఉన్న వేళలు కూడా ఎత్తి రాశాను. మనసులో గుర్తున్నదానికీ కాగితం మీద ఉన్నదానికీ చాలా తేడా ఉంది. ఎప్పుడు పడితే అప్పుడు ఆగుతోందని నేను అందరికీ చెబుతూ వచ్చాను. పుస్తకంలో మాత్రం పొద్దున ఏడు, ఎనిమిది మధ్య కొన్ని, సాయంత్రం ఐదూ ఆరూ మధ్య కొన్ని గుంపుగా ఉన్నాయి. మిగతావాటిలో ఎక్కువ ప్రింటు ఇచ్చిన వేళలవి. ముసురు పట్టిన రోజుల్లో జోరు ఎక్కువ.

పొద్దున, సాయంత్రం మా ఇంట్లో ఏం జరుగుతుంది? అత్తయ్య మోటారు వేసి ట్యాంకులోకి నీళ్లు ఎక్కిస్తుంది.

మర్నాడు పొద్దున మోటారు వేసే వేళకి అన్నీ ఆపి, చెవులు రిక్కించి కూర్చున్నాను. లోపల స్విచ్ పడగానే ట్యూబులైటు ఒక్కసారి చిన్నబోయింది. అదే క్షణంలో బల్ల కింద యూపీఎస్ ‘టక్’ మంది. కంప్యూటర్ ఆగలేదు. తర్వాత రోజు పెద్ద ఫైలు ఒకటి నడిపిస్తూ కూర్చున్నాను. లైటు చిన్నబోయింది, టక్ మంది, తెర నల్లబడింది.

ఆ చప్పుడు యూపీఎస్ లోపలి రిలేది. గోడలోంచి వచ్చే వోల్టేజీ ఒక హద్దు దాటి పడిపోతే అది బ్యాటరీ మీదికి మారుతుంది. మారడానికి కొన్ని మిల్లీసెకన్లు, అంటే సెకనులో వెయ్యోవంతులు కొన్ని పడతాయి. మా ఇళ్లలో వాడే మామూలు రకాల్లో అది దాదాపు 10 లోపు ఉంటుంది. ఆ కాస్తసేపు కంప్యూటర్‌కి కరెంటు అందదు. అప్పుడు దాన్ని నిలబెట్టాల్సింది డబ్బాలో భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె, ఎస్‌ఎంపీఎస్. దాని లోపల పెద్ద కెపాసిటర్ ఒకటి కరెంటును దాచుకుని ఉంటుంది. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తుల్లో అటూ ఇటూ మారుతూ 100 సార్లు సున్నాకి వస్తుంది. ఆ ఖాళీలన్నిటినీ పూడ్చేది కూడా ఆ కెపాసిటరే. మంచి ఎస్‌ఎంపీఎస్ కరెంటు పూర్తిగా పోయినా దాదాపు 16 మిల్లీసెకన్లు నిలబడాలన్నది లెక్క. యూపీఎస్ పదిలోపు మారుతుంది, ఎస్‌ఎంపీఎస్ పదహారు ఓర్చుకుంటుంది. అందుకే కొత్తలో మాకు ఏ ఇబ్బందీ రాలేదు. కెపాసిటర్ పాతబడితే ఆ ఓర్పు తగ్గిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్ తన వోల్టేజీలన్నీ సరిగ్గా ఉన్నాయని మదర్‌బోర్డుకి ‘పవర్ గుడ్’ అనే సంకేతం ఇస్తూ ఉంటుంది. 12 వోల్టుల తీగ 11.4కీ 12.6కీ మధ్య, 5 వోల్టులది 4.75కీ 5.25కీ మధ్య ఉండాలి. దాచుకున్నది అయిపోయి ఆ సంకేతం తప్పితే, మదర్‌బోర్డు ఆ క్షణమే అంతా రీసెట్ చేస్తుంది. నీలం తెరకి గానీ, విండోస్ ఏదైనా రాసుకోవడానికి గానీ వ్యవధి ఉండదు. బగ్‌చెక్ కోడ్‌లో ఆ సున్నా ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

ఇంకొకటి కూడా తేలింది. నన్ను ఎక్కువ ఏడిపించింది అదే. ఊరికే ఉన్నప్పుడు బాగుండి, సరిగ్గా ఎవరి పనో చేస్తున్నప్పుడే ఎందుకు ఆగుతోంది? కంప్యూటర్ ఖాళీగా ఉంటే తక్కువ కరెంటు తాగుతుంది, కెపాసిటర్‌లో మిగిలిన కొంచెమూ ఆ కొన్ని మిల్లీసెకన్లకి సరిపోతుంది. పని ఎక్కువైతే అదే కొంచెం తొందరగా అయిపోతుంది. వాడకం పెరిగినకొద్దీ ఓర్చుకునే కాలం తగ్గుతుంది. దానికి దింపు కార్మికుడి కూతురని తెలియదు, మాస్టారని తెలియదు. పని ఉన్నప్పుడే ఆగడం దాని తీరు.

రిపేరు కుర్రాణ్ణి పిలిచి పుస్తకం చూపించాను. అతను మారు మాట్లాడకుండా గళ్లన్నీ చదివాడు. “అక్కా, యూపీఎస్ ప్లగ్గు గోడలోంచి పీకి చూద్దామా?” అన్నాడు. కంప్యూటర్ ఖాళీగా ఉండగా పీకాం, నిలబడింది. ప్రాసెసర్‌కి పూర్తి పని అప్పగించి పీకాం, ఆగిపోయింది. మళ్లీ చేశాం, మళ్లీ ఆగింది. ఇన్నాళ్లూ దానికిష్టమైనప్పుడు ఆగిన మిషన్ మేం ఆపాలనుకున్నప్పుడు ఆగింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అతను షాపు నుంచి వేరే ఎస్‌ఎంపీఎస్ తెచ్చి బిగించి, అదే పని నడిపిస్తూ ప్లగ్గు పీకాడు. యూపీఎస్ టక్ మంది, కీచుమని అరిచింది. కంప్యూటర్ కదల్లేదు.

పాతదాన్ని షాపులో విప్పి ఫొటో పంపాడు. ఇంట్లో ఎవరూ అలా విప్పకూడదు. ప్లగ్గు తీసేశాక కూడా ఆ కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండగలదు, ప్రాణం తీస్తుంది. ఫొటోలో పెద్ద కెపాసిటర్ తల కాస్త ఉబ్బి ఉంది, అడుగున గోధుమరంగు మరక. లోపలి ద్రవం ఏళ్ల తరబడి వేడికి ఆరిపోతూ వస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుందని లెక్కగడతారు. ఈ భాగాలు ఇలా చెడడం లోకమంతా ఎరిగినదే. 2000 తర్వాత తొలి ఏళ్లలో నాసిరకం ద్రవంతో తయారైన కెపాసిటర్లు ఉబ్బి ప్రపంచంలో ఎన్నో మదర్‌బోర్డులు పాడయ్యాయి. మాది అలాంటిది కూడా కాదు, మామూలుగా ముసలిదయింది. దుమ్ముపట్టిన ఫ్యాను వెనక, మా మే నెల ఉక్కలో, మూసిన డబ్బాలో.

అక్కడితో ఆపేసినా మా కంప్యూటర్ నడిచేది. కానీ పుస్తకంలో ఇంకో గడి మిగిలి ఉంది: దీపాలు. అర హార్స్‌పవర్ మోటారు వేస్తే లైటు అంతగా ఎందుకు చిన్నబోవాలి? వానలో ఎక్కువ ఎందుకు? మోటారు తిరగడం మొదలెట్టే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, నిజమే. లేజర్ ప్రింటర్ కూడా లోపలి రోలరును వేడెక్కించేటప్పుడు ఒక్కసారిగా లాగుతుంది. ఇంటి వైరింగు బాగుంటే అది దీపానికి పెద్దగా తెలియకూడదు.

మా ఊళ్లో వైరింగు పనులు చేసే మావయ్యని పిలిచాను. వరసకి మావయ్య, పెద్దాయన. మీటరు దగ్గర మల్టీమీటరు పెట్టి, “మోటారెయ్యమ్మా” అన్నారు. 225 చుట్టూ ఉన్న అంకె 160 దాకా జారి మళ్లీ లేచింది. ఆయన పైకి చూశారు. స్తంభం మీంచి వచ్చిన అల్యూమినియం సర్వీసు తీగ, మా ఇంటి రాగి తీగ కలిసే అతుకు చూరు కింద ఉంది.

“ఇదిగో, ఇక్కడుందమ్మా రోగం. రాగీ అల్యూమినియం నేరుగా మెలేస్తే మన తేమకి ఎన్నాళ్లుంటుంది చెప్పండి? న్యూట్రల్ అతుకు తినేసింది. ముట్టుకోకండి, లైన్‌మన్ గారిని పిలిపిద్దాం, ఆయ్.”

లైన్‌మన్ వచ్చి పైన సరఫరా ఆపాక అతుకు విప్పారు. తెల్లటి పొడి రాలింది. రెండు వేరువేరు లోహాలు ఒకదానికొకటి తగిలి తడిసినప్పుడు అల్యూమినియం తినేసుకుపోతుంది. ఆ పొరలోంచి కరెంటు సరిగా పోదు. బరువు పడితే అతుకు వేడెక్కుతుంది, చల్లారుతుంది, ఇంకాస్త వదులవుతుంది. వానకి తడిసినకొద్దీ ఇంకా పాడవుతుంది. తీగ చివర్లు కోసి, శుభ్రం చేసి, రెండు లోహాలకీ పనికొచ్చే కనెక్టరు వేసి, నీళ్లు దిగకుండా చుట్టారు. తర్వాత మోటారు వేస్తే లైటు చెదరలేదు, యూపీఎస్ నోరు మెదపలేదు. మావయ్య వెళ్తూ ఒక మాట చెప్పారు. న్యూట్రల్ వదులైతే కంప్యూటర్ ఆగిపోవడం చిన్న సంగతి. అతుకు కాలి ఇల్లంటుకోవచ్చు. మూడు ఫేజులు ఉన్నచోట న్యూట్రల్ తెగితే కొన్ని ఇళ్లకి వోల్టేజీ ఒక్కసారి ఎగబాకి టీవీలూ ఫ్రిజ్‌లూ కాలిపోతాయి. మా మిషన్ పదే పదే ఆగుతూ మా చూరు కింద ఉన్న ప్రమాదాన్ని కూడా చూపించింది.

నా కాగితం మీది మూడు మాటలకీ అప్పుడు జవాబు దొరికింది. అమలాపురంలో అతుకు బాగుంది కాబట్టి యూపీఎస్ మారే పనే పడలేదు, మా ముసలి ఎస్‌ఎంపీఎస్‌కి పరీక్షే ఎదురవలేదు. తెలిసినవాళ్ల కంప్యూటర్‌లో కెపాసిటర్ బాగుంది కాబట్టి మా అతుకు ఎంత వేధించినా ఓర్చుకుంది. రెండు సగం లోపాలు ఒకే గదిలో కలిశాయి. ఒక్కొక్క భాగాన్నీ విడివిడిగా ఎంత మంచి చేతులు పరీక్షించినా అది దొరకదు. రెండూ కలిసే వేళను పట్టుకోవాలి. ఆ వేళను చూపించింది గళ్లు గీసిన పుస్తకం.

ఖర్చు లెక్కకొస్తే ఎస్‌ఎంపీఎస్‌కి కొన్ని వేలూ కావు, కనెక్టరు ఇంకా చవక. పోయినవి వేరు. ముక్తేశ్వరం వెళ్లిపోయినవాళ్లు కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. మాస్టారు వచ్చారు. వేలు పట్టింది, సర్టిఫికెట్ చేతిలో పెట్టాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “కారణం దొరికిందామ్మా?” అని అడిగారు. పూర్తిగా చెప్పాను. మిల్లీసెకన్ల దగ్గర ఆపి మళ్లీ చెప్పించుకున్నారు.

ఇదంతా రాయడానికి కారణం, మా లాంటి సెంటర్లు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. పొలం పాసుపుస్తకం నుంచి పిల్లల సీటు దాకా ఇప్పుడు ఊళ్లో బతుకంతా ఒక తెర మీదికి వచ్చింది. ఆ తెర నల్లబడితే నష్టపోయేది అది కొన్నవాళ్లకన్నా ఎదురుగా కూర్చున్నవాళ్లు. అందుకని లోపం వచ్చిపోతూ ఉంటే తొందరపడి ఒకటి తర్వాత ఒకటి మార్చుకుంటూ పోవద్దని చెప్తున్నాను. ఒకేసారి రెండు మార్చితే ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలియదు. పని చేస్తున్న ప్రతిదీ ఎప్పటికప్పుడు సేవ్ చేయండి. డబ్బు చెల్లించేటప్పుడు రిఫరెన్స్ నంబరు ముందు కాగితం మీద రాసుకోండి. మోటారేసినప్పుడు దీపం చిన్నబోతుంటే కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు వైరింగు చూపించండి.

ఇప్పుడు చుట్టుపక్కల సెంటర్ల వాళ్లు, “మాదీ దానంతటదే రీస్టార్ట్ అవుతోందక్కా, ఏం మార్చాలి?” అని ఫోన్ చేస్తారు. ఏమీ మార్చొద్దంటాను. ఎన్నింటికి ఆగింది, అప్పుడు ఏ పని నడుస్తోంది, ఇంట్లో ఏది ఆన్ అయింది. ఈ మూడూ ఒక వారం పాటు రాసి తీసుకురమ్మంటాను. స్క్రూడ్రైవరు ఆ తర్వాత తీద్దాం.